ఒరెస్ట్ పేరు మీద తెరిచిన పాఠాలు

మా ఆయన ఒరెస్ట్ కెనడాలోని సస్కాచెవాన్‌లో నాలుగు హైస్కూళ్లు తిరిగేవాడు. లెక్కలు, చరిత్ర, సైన్సు చెప్పే టీచర్ల పక్కన కూర్చుని, వాళ్ల పాఠాల్లోకి కంప్యూటర్‌ని ఎలా తేవాలో నేర్పేవాడు. పెద్ద వయసు టీచర్లకి భయం. "ఏదైనా పాడైతే నా మీదికొస్తుంది" అనేవాళ్లు. అందుకని కంప్యూటర్‌లో ప్రతి పాఠం తన ఖాతాలో, తన పేరు మీదే తెరిచేవాడు. "పాడైతే తిట్లు నేను తింటాలే, ఇంట్లో రోజూ అలవాటే" అనేవాడు.

చరిత్ర చెప్పే వెండెల్ ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాడు. అతని క్లాసు పిల్లలు రెండేళ్లు ఊరూరా తిరిగి, కూల్చేసిన ధాన్యం గిడ్డంగులు ఎక్కడుండేవో కంప్యూటర్ మ్యాపులో గుర్తుపెట్టారు. ఒక్కోదాని దగ్గర ఒక్కో ముసలాయన మాటలు రికార్డు చేసి పెట్టారు.

ఫిబ్రవరిలో ఒరెస్ట్ గుండె ఆగిపోయింది. ఏప్రిల్లో వెండెల్ మా ఇంటికొచ్చి, టోపీ తీసి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"మ్యాపు తెరుచుకోవట్లేదు వెరా. ఒరెస్ట్ పాస్‌వర్డ్ నీకేమైనా తెలుసా?"

తెలుసు. ఇద్దరం కొట్టి చూశాం, పనిచెయ్యలేదు. స్కూలు బోర్డుకి ఫోన్ చేస్తే, చనిపోయినవాళ్ల ఖాతా ముప్పై రోజులకి తీసేస్తామని, అందులో ఉన్నవన్నీ దాంతోపాటే పోతాయని ఒకమ్మాయి మెల్లగా చెప్పింది.

"ఆ ముసలాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు" అన్నాడు వెండెల్.

"మిగతావాళ్లతో మళ్లీ మొదలుపెట్టరాదూ?"

"పక్కన ఎవరు కూర్చుంటారు వెరా?"

మా ఆయన చోట బోర్డు ఇంకెవర్నీ పెట్టలేదు. వెండెల్ వెళ్లాక, మిగతా మూడు స్కూళ్ల టీచర్లకి ఫోన్ చేసి, వాళ్ల పాఠాలు కూడా పోయాయని నేనే చెప్పాను.