కొలబద్ద రక్తం

ఆ ల్యాబులో అతన్ని అందరూ కొలబద్ద అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అతనికీ ఆ పేరంటేనే ముద్దు. ఎవరైనా అలా పిలిస్తే బిరుదిచ్చి శాలువా కప్పినట్టు మీసం సవరించుకునేవాడు.

పని రక్తం తీయడం. పొద్దున్నే షట్టరెత్తి, బల్లలు తుడిచి, పరగడుపున నీరసంగా కూర్చున్న జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచేవాడు. సూది చూడగానే మొహం పాలిపోయేవాళ్ళతో ఏదో ఒక కబురు ఎత్తుకునేవాడు. "ఏం అత్తయ్యగారూ, మీ అల్లుడుగారు ఇంకా గురక పెడుతున్నారా?" అని అడిగేవాడు. ఆవిడ అల్లుడి మీద ఫిర్యాదులు ఏకరువు పెట్టి ముగించేలోపు దూది అద్ది, "ఇక మోచెయ్యి మడవండి" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇతనికి చెయ్యి కూడా మంచిదే. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు చల్లపెట్టె భుజాన వేసుకుని తనే వెళ్ళేవాడు.

ఆ బిరుదు ఎలా వచ్చిందో చెప్పాలి. ల్యాబుకు మొదటి మిషన్ వచ్చిన రోజున, అది సరిగ్గా చదువుతోందో లేదో చూడ్డానికి ఆరోగ్యమైన మనిషి రక్తం కావాలన్నాడు మెకానిక్కు. ఎదురుగా ఇతను నిలబడి ఉన్నాడు, చొక్కా చెయ్యి మడిచాడు. చక్కెర, కొవ్వు, ఉప్పు, ఏది చూసినా ఉండాల్సిన అంకెకు నట్టనడుమ పడింది. అప్పటి నుంచి అదో ఆనవాయితీ అయింది. మిషన్ చెడి బాగైనప్పుడల్లా ముందు కొలబద్ద రక్తం పోయాలి, పాత అంకెలు వస్తే మిషన్ బాగైనట్టే. ఈ పనికని కంపెనీ ఒక సీసా పంపేది. అందులోని మందుకు ఎంత అంకె రావాలో సీసా మీదే రాసి ఉంటుంది. అది ఖరీదు, పైగా మూత తీస్తే త్వరగా వాడేయాలి. కొలబద్ద అయితే ఎప్పుడూ తాజాగా, ఉచితంగా, తన కాళ్ళ మీద తనే నడిచొచ్చేవాడు.

దాంతో మనిషికి కాస్త పొగరెక్కింది. ఊరందరికీ పథ్యాలు చెప్పేవాడు, తను మాత్రం కంచంలో ఏది పడితే అది లాగించేవాడు. ఇంట్లో భార్య బట్టలు కుట్టేది. ఆమె కళ్ళు కుట్టు మీదే ఉన్నా, మొగుడు మెట్లెక్కే చప్పుడు ఈమధ్య నెమ్మదించిందని చెవులు కనిపెట్టేశాయి.

"ఆయాసపడుతున్నారు. ఒకసారి ఎవరికైనా చూపించుకోండి," అందామె.

"నేను చూపించుకోవడమేమిటే? నన్ను చూసే కదా మిగతావాళ్ళ సంగతి తేల్చేది!"

"మీ బిరుదు సంగతి కాదు, మీ ఆయాసం సంగతి అడుగుతున్నా."

"గ్యాసు," అని తేల్చేశాడు.

నిజానికి అతనికీ తెలుసు. పెట్టె మోసుకుంటూ రెండో అంతస్తు దాటితే రొమ్ము మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కినట్టుండేది. ఒక్కోసారి దవడ లాగేది. మెట్ల మలుపులో ఆగి, ఎవరిదో తలుపు మీది పేరు చదువుతున్నట్టు నటించేవాడు. రొమ్ము మీది బరువు తగ్గాక పైకెక్కి కబుర్లు చెప్పేవాడు. దీపం కింద చీకటంటారు. ఈ దీపమైతే కిందికి చూడనే చూడనని మొండికేసింది.

ల్యాబు డాక్టరమ్మ ఊళ్ళో లేని వారంలో మిషన్ మొరాయించింది. మెకానిక్కు వచ్చి లోపలి దీపం మార్చి, అలవాటు ప్రకారం కొలబద్ద వైపు చూశాడు. మిషన్ నడిపే అమ్మాయి అతని రక్తం తీసి పెట్టింది. అంకెలొచ్చాక కాస్త కంగారుపడింది.

"బాబాయ్, నీ చెడు కొవ్వు ఎక్కువొచ్చింది. ట్రైగ్లిజరైడ్లు కూడా. మంచి కొవ్వేమో తగ్గింది."

ముగ్గురూ తలలు తిప్పి మిషన్ వైపు అనుమానంగా చూశారు. కొలబద్ద వైపు చూడాలని ఒక్కరికీ తోచలేదు, కొలబద్దకు అసలే తోచలేదు.

"కొత్త దీపం కదా గురువుగారూ, తిక్కగా చదువుతోంది," అన్నాడు మెకానిక్కు. లెక్క మార్చి మళ్ళీ నడిపాడు.

"ఇంకాస్త తగ్గించు. నాకంత ఉండదు," అన్నాడు కొలబద్ద పక్కనే నిలబడి.

పాత అంకెలు వచ్చేదాకా తగ్గించారు. మెకానిక్కు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం ఆ చుట్టుపక్కల కొవ్వున్న మనిషే లేకుండా పోయాడు. కాగితాలు తీసుకున్నవాళ్ళు నవ్వు మొహాలతో మెట్లు దిగారు. రిటైరైన లెక్కల మాస్టారికి ఏళ్ళ తరబడి దిగని కొవ్వు ఒక్కసారిగా దిగొచ్చింది. "చూశావా? రోజూ నడుస్తున్నాను. ఇక ఆ మాత్రలు మానేస్తాను," అన్నారాయన. కొలబద్ద ఆయన భుజం తట్టి మరీ పంపించాడు.

డాక్టరమ్మ వచ్చీ రాగానే వారం రోజుల కాగితాలు తిరగేసింది. "నేను లేనప్పుడు ఊరంతా ఒకేసారి చిక్కిపోయిందా?" అంటూ కంపెనీ సీసా తెప్పించి మిషన్‌లో పోసింది. సీసా మీద రాసిన దానికన్నా అంకె చాలా తక్కువొచ్చింది. జరిగింది అమ్మాయి చెప్పింది. లెక్క మళ్ళీ మొదటికి తిప్పితే, సీసా అంకె అతికినట్టు సరిపోయింది.

మిషన్ ఆ రోజు చదివింది ఒప్పయితే తప్పెక్కడుందో చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. డాక్టరమ్మ అతన్ని కూర్చోమంది.

"మిషన్‌ది తప్పయితే అన్నీ ఒకే వైపు తప్పేవి. చెడ్డది పెరిగి మంచిదెందుకు తగ్గుతుంది? అదే రక్తం ఆ రోజు కణాలు లెక్కపెట్టే పక్క మిషన్‌లో కూడా పోశారు. దాన్ని ఎవరూ బాగుచేయలేదు కదా? అందులో తెల్లకణాల్లో ఒక రకం పెరిగింది, ఇంకో రకం తగ్గింది. చక్కెర హద్దు గీత మీదుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ పెద్ద విషయం కాదు. అన్నీ కలిపి చూస్తే ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి."

"ఎటు వైపు?" అన్నాడు, తెలిసి కూడా.

"గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల వైపు. జబ్బుందని తీర్పు చెప్పడం లేదు. రక్తం అంత గట్టిగా చెప్పలేదు, వెళ్ళి చూసుకోమని మాత్రం చెబుతుంది. మెట్లెక్కితే ఏమైనా అనిపిస్తోందా?"

"గ్యాసండీ."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "ఇవాళే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి," అంది.

వెళ్ళలేదు. వీధికి అటువైపు పోటీ ల్యాబు ఉంది. ఇన్నేళ్ళలో దాని గడప తొక్కనివాడు, ఆ మధ్యాహ్నం అక్కడికెళ్ళి చెయ్యి చాచాడు. తిండి ఆలస్యమైందని తిట్టుకుంటూ, కడుపు మాడ్చుకుని మరీ ఇచ్చాడు. అక్కడ నరం దొరక్క రెండుసార్లు పొడిచారు. సాయంత్రం వచ్చిన అంకెలు మొదటివాటికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "మిషన్లన్నీ కూడబలుక్కున్నాయి," అనుకుంటూ ఇంటికెళ్ళాడు. భయమేసింది. భార్యకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు తప్పు కాగితాలు తీసుకున్నవాళ్ళందరికీ మళ్ళీ రక్తం తీయాలి. నేనే వెళ్తానన్నాడు. ఆ పనయ్యాక ఆసుపత్రికి వెళ్తానని డాక్టరమ్మకు మాటిచ్చాడు. ముందు మాస్టారింటికి బయల్దేరాడు, ఆయన మాత్రలు మానేశారన్న సంగతి రాత్రంతా చెవిలో జోరీగలా వేధించింది మరి. మూడో అంతస్తు. మలుపు మలుపుకూ ఆగాడు. ఈసారి చదువుతున్నట్టు నటించడానికి కూడా ఓపిక లేకపోయింది.

"మళ్ళీ రక్తమెందుకయ్యా? బాగుందన్నావుగా?" అన్నారు మాస్టారు.

"ఆ కాగితం తప్పు మాస్టారూ. మాత్రలు ఇవాళే మళ్ళీ మొదలెట్టండి."

"మిషన్ చెడిపోయిందా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. మాస్టారు అప్పటికే చెయ్యి చాచి కూర్చున్నారు, ఇన్నేళ్ళ నమ్మకంతో.

"మిషన్ బాగానే ఉంది. బాగోలేనిది నేను. నేను బాగున్నాననుకుని దాన్ని నాకు తగ్గట్టు తిప్పించాను. నా వల్లే మీరు మాత్రలు మానేశారు."

చెప్పాక చొక్కా చెమటతో తడిసిపోయిందని గమనించాడు. ఎవరింట్లోనూ కుర్చీ అడగనివాడు, సూది పెట్టెలో పెట్టేసి, మాస్టారి పక్కనే మంచం మీద కూలబడ్డాడు. ఆయన లేచి, ఆంబులెన్సు పిలుస్తానంటూ ఫోనందుకున్నారు.

గుండె నాళమొకటి దాదాపు మూసుకుపోయిందని, వేళకు తెచ్చారని ఆసుపత్రిలో చెప్పారు. నాళంలో చిన్న గొట్టం పెట్టి పంపించారు. కానీ కొలబద్ద ఈ కథ ఎవరికి చెప్పినా ఆసుపత్రి దాకా రాడు. ఆంబులెన్సు వచ్చేలోపు మాస్టారి ఫోనడిగి ఇంటికి చేశాడే, అక్కడే ఆగిపోతాడు.

అతను పనివేళ ఇంటికి ఫోన్ చేస్తే అర్థం ఒక్కటే. ఎవరింట్లోనో ఎవరికో ఒంట్లో బాగోలేదు, భోజనానికి ఆలస్యమవుతుంది. కుట్టు ఆపకుండానే ఫోనెత్తింది భార్య.

"ఇవాళ ఎవరికి బాగోలేదు?" అంది.

"నాకే," అన్నాడు.

అటువైపు కుట్టుమిషన్ ఆగిపోయింది.