కారం తగలని చెయ్యి

మా పాపకి అన్నం పెట్టడం గంట పని. అన్నంలో పప్పూ నెయ్యీ వేసి మెత్తగా పిసికి, గరిటెజారుగా పలచన చెయ్యాలి. పాపని మోకాలి మీద కూర్చోబెట్టుకుని, వీపు నా గుండెకి ఆనించి, వెనక్కి వాలిపోయే తలని ఎడమచేతి మడతలో నిలబెట్టాలి. వేలి కొసతో కొంచెం తీసి కుడిబుగ్గ లోపల పెట్టాలి. నాలుక మీద పెడితే బయటికి తోసేస్తుంది. పెట్టాక గడ్డం కింద చెయ్యి ఆనించి ఆగాలి. మింగిందో లేదో కంటికి కనపడదు, గొంతు మీదున్న వేలికి తెలుస్తుంది. తొందరపడితే పొలమారుతుంది. పొలమారితే తనకి సరిగ్గా దగ్గటం రాదు. ముఖం ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది.

పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. గుంటూరులో డాక్టరు మెదడుకి దెబ్బ తగిలిందన్నాడు. దాని పేరు ఇంగ్లీషులో చెప్పాడు. నేను బీయస్సీ చదివాను కాబట్టి నాకు అర్థమవుతుందని ఆయన అనుకున్నాడు. స్పెల్లింగు మాత్రం అర్థమైంది. నాలుగేళ్ళు వచ్చేసరికి పాప మనుషుల్ని గుర్తుపట్టేది, నవ్వేది, తన మీద కోపంగా ఉన్నామా లేదా అన్నది గొంతుని బట్టి తెలుసుకునేది. కూర్చోలేదు, నడవలేదు. తిండి నా చేతి మీద మాత్రమే తినేది. స్పూను పెట్టి చూశాం. స్టీలు పళ్ళకి తగలగానే దవడలు బిగుసుకుపోయి, తనంతట తను వదలలేక ఏడ్చేది.

ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయాక ఇది రాసుకుంటున్నాను. చిన్నవాడు కడుపులో ఉన్నప్పటి సంగతి.

వాడు కడుపున పడ్డాడని తెలియగానే నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. కాన్పు సరిగ్గా మిరపకాయలు కల్లంలో ఉండే రోజుల్లో పడింది. మొదటి కాన్పు అలా అయింది కాబట్టి ఈసారి ఆపరేషనే అన్నారు. ముందుగానే గుంటూరు వెళ్ళి చేరాలి, తర్వాత వారమైనా ఉండాలి. మా అమ్మ అప్పటికే లేదు. పాపని ఆసుపత్రిలో నా మంచం పక్కన ఉంచుకోనివ్వరు. మరి దానికి అన్నం ఎవరు పెడతారు? నా భయమంతా అదొక్కటే. ఆపరేషను గురించి నేను ఒక్కరోజు కూడా భయపడలేదు.

మా ఆయన ఒకసారి ప్రయత్నించారు. పాపకి పొలమారేసరికి కంచం అక్కడే వదిలేసి నన్ను కేకేశారు. ఆ తర్వాత చాలా రోజులకి, తల ఎత్తకుండా ఒక మాట అన్నారు.

"ఒంగోలు అవతల ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే చోటుందంట. ఓ పదిహేను రోజులు…"

"అక్కడ అన్నం ఎవరు పెడతారండీ?"

"ఎవరో ఒకరు పెడతారుగా."

"ఒక్కొక్కళ్ళకి గంటసేపా?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

విన్నది మా అత్తయ్య. ఆవిడ అద్దంకి వైపు పెద్ద రైతుల ఇంటి ఆడపడుచు. నలభై ఏళ్ళుగా మిరపకాయల మధ్యే బతికిన మనిషి. కల్లంలో ఎర్రకాయలోంచి తెల్లబడ్డ తాలుకాయ ఏరే చోట ఆవిడ కూర్చుంటే, కూలీలు మాటలాపి చేతులు ఆడించేవాళ్ళు. మనవరాలికి నీళ్ళు పోసేది, చంకనేసుకుని ఊరంతా తిప్పేది. అన్నం జోలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ మాట విన్న మర్నాడు కల్లం నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. చేతులు సబ్బుతో కడుక్కుంది, మజ్జిగతో రుద్దుకుంది, ఆముదం రాసి తుడుచుకుంది. వేలు నాలుక మీద పెట్టుకుని చూసుకుంది.

"ఏం లేదులే. ఇటివ్వు పిల్లని."

మొదటి ముద్ద నోట్లో పెట్టిన కాసేపటికి పాప కెవ్వుమంది. పెదవులు, బుగ్గ లోపల అంతా మంట. ఏడుపులో అన్నం గొంతుకి అడ్డం పడి ముఖం నల్లబడింది. నేను లాక్కుని బోర్లా వేసి వీపు మీద తట్టాను. ఊపిరి వచ్చాక కూడా చాలాసేపు ఎక్కిళ్ళు ఆగలేదు.

అత్తయ్య తన చేతులు చూసుకుంటూ నిలబడింది. "ఇన్నిసార్లు కడిగానే… నాకు మంట తెలవలేదే," అంది. ఆవిడకి తెలియదు నిజమే. కారంలో నానిన ఆ వేళ్ళకి గాని, ఆ నాలుకకి గాని ఆ పాటి మంట మంటే కాదు.

ఆ రోజు నుంచి ఆవిడ చెయ్యి దగ్గరికి వస్తేనే పాప పెదవులు బిగించేది. ఆవిడదే కాదు, నాది కాని ఏ చెయ్యి వచ్చినా అంతే. వీధిలో ఎవరిని చూసినా నేను వాళ్ళ ముఖం కన్నా ముందు వేళ్ళు చూసేదాన్ని. ఆ రోజుల్లో మా ఊళ్ళో కారం తగలని చెయ్యి యాడుంది?

పాపని చంకనేసుకుని కల్లానికి క్యారియరు తీసుకెళ్ళిన రోజు ఒక చెయ్యి కనపడింది. కల్లం చివర, గాలి వచ్చే వైపున, నాలుగు కర్రలు పాతి పట్టా కప్పిన నీడ ఉంది. ఊరి బయట పల్లె నుంచి వచ్చిన ఆడకూలీల ముఠా కాయ ఏరుతుంటే, వాళ్ళ పసిపిల్లలు అక్కడ ఉండేవారు. ఇద్దరు చీరె ఉయ్యాలల్లో నిద్రపోతున్నారు. మిగతావాళ్ళు గోతాల మీద దొర్లుతున్నారు. మధ్యలో ఒక నడివయసు మనిషి కూర్చుని ఒకడికి ముక్కు తుడుస్తోంది.

"నువ్వు ఏరటానికి పోలేదా?" అన్నాను.

"నేను కాయ ముట్టనండి అమ్మగారూ. ఈ ఏడు నాది పిల్లల పని."

నాకు అర్థం కాక నిలబడ్డాను. ఆవిడే చెప్పింది.

"పాలు తాగే పిల్లల నోట్లో చెయ్యి పెట్టాల, కళ్ళు తుడవాల. కాయ ముట్టిన చేత్తో ఎట్టా కుదురుద్ది? ఒక రోజు ముట్టి ఒక రోజు మానుతానంటే చేతిలో కారం పోదండి. అందుకని కాయ అయిపోయేదాకా ఒక మనిషి ముట్టకుండా ఉంటాం. ఇంటికాడ కూర కూడా నా కోడలే వొండుద్ది. నా కూలి అందరితో పాటే, ముఠా చూసుకుంటది."

ఏరే వరసలోంచి ఒకామె అరిచింది. "ఒసే దొరసానీ! నీడపట్టున బాగుందే నీ పని!"

"రావే, నువ్వే కూర్చో! పొద్దుగూకే లోపల ఇంతమంది ముడ్లు కడుగుదువుగాని!"

వరసంతా నవ్వింది. పాప కూడా నా చంకలో నవ్వింది. ఆవిడ చేతులు చాచింది. నిండు నెలలు దగ్గరపడుతున్న నాకు పాప బరువు ఆగటం లేదు. అయినా వెంటనే ఇవ్వలేకపోయాను. పాపకి తల నిలవదని చెప్పాను, ఎలా పట్టుకోవాలో చెప్పాను, పొలమారితే ఏం చెయ్యాలో చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇవ్వండి, చూద్దాం. మీరు ఇక్కడే ఉంటారుగా," అంది.

రోజూ తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ముందు కొన్నాళ్ళు ఆవిడ ఊరికే ఒళ్ళో పెట్టుకునేది. పక్కన పిల్లలు అన్నం తింటుంటే పాప వాళ్ళ నోళ్ళే చూసేది. ఒకడు తన చేతిలో అటుకులు తెచ్చి పాప ఒళ్ళో పోసి పోయాడు. పాపకి తోటిపిల్లలు దొరకడం అదే మొదలు. మా వీధిలో పిల్లలు దాన్ని చూడటానికి వచ్చేవాళ్ళు, ఆడటానికి కాదు. ఇక్కడెవరూ దాన్ని ప్రత్యేకంగా చూడలేదు. కూర్చోలేని వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ వేలి మీద అన్నం తీసుకుని బుగ్గలో పెట్టింది. పాప పెదవులు బిగించలేదు. గడ్డం కింద చెయ్యి ఆనించి ఆవిడ ఆగింది.

"మింగిందా?"

కేక వెనక నుంచి వచ్చింది. అత్తయ్య. ఏరే చోటు నుంచి లేచి వచ్చి, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, దూరంగా నిలబడి ఉంది.

"మింగిందండి పెద్దమ్మగారూ."

ఆ సాయంత్రం అన్నాలప్పుడు అత్తయ్య చెప్పింది. "రేపట్నుంచి నేను కల్లంలోకి దిగను."

ఆయన ముద్ద ఆపేశారు. "నువ్వు లేకపోతే తాలు ఎవరు చూస్తారమ్మా?"

"నువ్వు చూడు. లేకపోతే అట్టాగే గోతాల్లో తొక్కించు. నాకెందుకు?"

కల్లంలోకి దిగకపోవడమే కాదు, ఇంట్లో పచ్చిమిరపకాయ కూడా తుంచలేదు. నేను పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేను. ఆవిడ కారం డబ్బా తియ్యదు. దాంతో ఇంటిల్లిపాదికీ మిరియాల చారు, చప్పటి పప్పు.

"పథ్యం నీ కోడలికా, మాకా?" అన్నారు మామయ్య గారు.

"నోరు చప్పబడిందా? పోయి కల్లంలో కాసేపు కూర్చోండి, గాలికే ఎక్కుద్ది ఘాటు."

పక్కింటామె గోడ మీంచి అడిగింది. "ఏం పిన్నీ, మనవరాల్ని తీసుకుపోయి ఆ పల్లె పిల్లల్లో పడేశారంట?"

"పడెయ్యలా, కూర్చోబెట్టా. నీకు తోచకపోతే నువ్వూ రా, ఓ నాలుగు ముద్దలు పెట్టిపో."

రోజూ పొద్దున్నే అత్తయ్య చూపుడు వేలు కంటి కొసన పెట్టుకుని చూసుకునేది. ఒంట్లో ఇంకా మంట తెలిసే చోటు అదొక్కటే మిగిలిందేమో. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. "ఇంకా ఉంది," అని లేచిపోయేది. ఒకరోజు కళ్ళలో నీళ్ళు రాలేదు. ఆ రోజు నీడ కిందికి వెళ్ళి ఆ మనిషి పక్కన చతికిలబడింది. ఆ మనిషి ఒక ముద్ద పెట్టేది, తర్వాతి ముద్దకి అత్తయ్య చెయ్యి ముందుకు వచ్చేది. పాప వాసన చూసినట్టు ముఖం తిప్పుకునేది. అత్తయ్య వేలు అలాగే ఉంచి కూర్చునేది. నేను ఆసుపత్రిలో చేరే నాటికి ఆవిడ చేతి మీద పాప కొంచెమే తినింది. పూర్తిగా ఒక పూట అన్నం ఎప్పుడూ తినలేదు.

గుంటూరులో వాడు పుట్టాడు, పుడుతూనే ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ నేనూ ఏడ్చాను. ఆయన ఊరికీ ఆసుపత్రికీ తిరుగుతున్నారు. వచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒకటే.

"తినిందా?"

"పగలు కల్లంలో తినింది. రాత్రి పూట అమ్మ దగ్గర రెండు ముద్దలు."

మరోసారి, "రాత్రి అసలు తినలేదు. పాలు తాగింది."

ఇంకోసారి సంచి సర్దసాగారు. నేను మళ్ళీ అడిగాను. "ఏడ్చింది. నీకోసం అనుకుంటా," అన్నారు. ఆ రాత్రి నాకు పాలు పడలేదు. పక్క మంచం ఆమె వాడిని తీసుకుని తన పాలిచ్చింది. నేను అడగలేదు, ఆమే తీసుకుంది.

కుట్లు విప్పాక ఇంటికి వచ్చాను. పాప చిక్కింది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి చేతులు బిగించి కేరింతలు కొట్టింది. బరువు ఎత్తొద్దన్నారు కాబట్టి పక్కన కూర్చుని ముద్దులు పెట్టుకున్నాను. అప్పుడే అత్తయ్య గిన్నెతో వచ్చింది. మోకాలి మీద పాపని సరిగ్గా కూర్చోబెట్టుకుంది.

ఆవిడ నాలాగా పెట్టటం లేదు. ముద్ద పెద్దది. వేలు బుగ్గలో ఇంకా లోపలికి పెట్టాలి. పైగా తిడుతోంది. "మింగవే మహారాణీ. నీకు పళ్ళేలు మొయ్యటానికి తప్ప ఇంకేం పన్లేదనుకున్నావా నాకు? మింగు. ఊఁ…" పాప నవ్వుతోంది. నవ్వుతుంటే పొలమారుతుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది.

"అత్తయ్యా, కొంచెం కుడివైపు…"

పాప నా గొంతు వినగానే నా వైపు తిరిగి నోరు మూసేసుకుంది. అన్నం గడ్డం మీద కారింది.

"నువ్వు మాట్టాడబాక," అంది అత్తయ్య. కోపంగా కాదు. "నువ్వు కనపడితే అది నాది తినదు. లోపలికి పోయి పడుకో."

నేను లేవలేదు. ఆవిడ కూడా ముద్ద పెట్టకుండా ఆగింది. గడ్డం తుడిచి, నా కేసి చూస్తూ కూర్చుంది. చివరికి లేచి వాడిని ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసి పడుకున్నాను. తర్వాత మళ్ళీ తిట్లు. మధ్యలో ఒకసారి దగ్గు. నేను మోచేతి మీద లేచాను. దగ్గు ఆగింది. "ఆఁ, ఏం లేదు, ఏం లేదు," అంటోంది అత్తయ్య, పాపతోనో నాతోనో తెలియదు. మళ్ళీ తిట్లు మొదలయ్యాయి. గిన్నె అంచుకి గాజు తగిలిన చప్పుడు.

పాప పుట్టాక, అది అన్నం తింటున్న వేళ నేను కళ్ళు మూసుకున్నది ఆ రోజే. గిన్నె ఖాళీ అయిందో లేదో నాకు తెలియదు. నిద్ర పట్టేసింది.