పడిపోయిన వరికి పెళ్లి ఫొటోలు

ఆ ఏడు వచ్చిన తుఫానుకి మా డెల్టాలో జరిగిన నష్టం ఒక ఎత్తు, నా కెమెరా వల్ల వెంకటరత్నం బాబాయికి జరగబోయిన నష్టం ఒక ఎత్తు. ఆ రెండో తుఫానుకి ఎవరూ పేరు పెట్టలేదు గానీ, పెడితే నా పేరే పెట్టాలి.

తొంభైల్లో మాట. పామర్రులో ఓ స్టూడియోలో పని నేర్చుకుని, నాలుగు పెళ్లిళ్లు తీసి, ఇక నన్ను మించినవాడు లేడని కాలరెగరేస్తున్న రోజులు. గూడూరు దగ్గర మా ఊళ్లో కోతకొచ్చిన వరి అంతా నీళ్లలో పడుకుంది. పక్కింటి బాబాయి పరుగున వచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, పంట నష్టానికి గవర్నమెంటు సబ్సిడీ ఇస్తుందంట. ఆఫీసరు వచ్చేసరికి నీళ్లు లాగేస్తే నమ్ముతాడో లేదో! ఓ నాలుగు ఫొటోలు తియ్యరా. ఆ డబ్బొస్తేనే మళ్లీ మినుములు చల్లేది."

"నాకొదిలెయ్ బాబాయ్!" అన్నాను. కొంప మునిగింది సరిగ్గా ఈ మాట దగ్గరే, గమనించండి.

చేలో బాబాయి మాసిన పంచెతో, పిన్ని వెలిసిన చీరతో నిలబడ్డారు. నా కళాహృదయం చివుక్కుమంది.

"ఇదేం అవతారం పిన్నీ? పట్టుచీర కట్టుకురా."

"పంట పోయినోళ్లకి పట్టుచీరేంట్రా?"

"ఫొటో అంటే పది కాలాలు ఉండేది పిన్నీ!"

పాపం, కట్టుకొచ్చింది. బాబాయికీ ఇస్త్రీ చొక్కా వేయించాను. "కాస్త నవ్వు బాబాయ్... పిన్ని వైపు చూడు... అదీ!" కాళ్ల దగ్గర బురదలో అసహ్యంగా పడున్న వరి ఒక్క గింజ కూడా కనబడకుండా, నడుము పైకి మాత్రమే తీశాను. వెనకాల కొబ్బరిచెట్లు, నీలాకాశం. రీలు మొత్తం కొట్టేశాను. చావు కబురు చల్లగా చెప్పినవాళ్లు చాలామందే ఉంటారు, దానికి శుభలేఖ వేయించిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే.

ఓ వారానికి ఆఫీసరు గారొచ్చారు. బాబాయి ఫొటోల కవరు అందించాడు. ఆయన చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏమండీ, ఇది షష్టిపూర్తా?"

"కాదండీ... పంట నష్టమండి."

"పంటేదండీ? నష్టమేదండీ? ఇవి పైకి పంపిస్తే సబ్సిడీ ఇవ్వడం అటుంచి మీ దగ్గరే చందా అడుగుతారు!"

చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు. బాబాయి మొహం పాలిపోయింది. మినుములు చల్లే అదను పోతే ఆ ఇంట్లో ఏడాదంతా కటకటే. అది తలుచుకుని నేను మెల్లగా జనం వెనక్కి జారుకున్నాను.

అప్పుడు పిన్ని ముందుకొచ్చింది. "బాబూ, మా మొహాలు చూసి రాయకండి, మా చేను చూసి రాయండి. రండి!" అంటూ గట్టెక్కి నడిచింది. ఆయన ఫైలు పట్టుకుని వెనకే వెళ్లారు. నీళ్లు లాగేశాయి గానీ, పడిన వెన్నులన్నీ మొలకలెత్తి చేను నారుమడిలా ఉంది. ఆయన వంగి ఓ వెన్ను తీసి చూశారు, ఫైలు తెరిచి రాసుకున్నారు.

అదను దాటకుండానే డబ్బొచ్చింది, మినుములూ మొలిచాయి. ఓ రోజు పిన్ని స్టూడియోకొచ్చింది. తిట్టడానికేనని బల్ల వెనక నక్కాను.

"బయటికి రారా! ఆ ఫొటోల్లో ఓటి పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వు. పెళ్లిలో కూడా మీ బాబాయి నా వైపు అలా నవ్వుతూ చూళ్లేదు."

హమ్మయ్య అనుకునేలోపే గుమ్మం దగ్గర ఆగింది.

"మళ్లీ తుఫానొస్తే కబురెడతాలే. ఈసారి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంటా."

ఆ క్షణమే కెమెరా మీద చెయ్యేసి ప్రతిజ్ఞ చేశాను: ఇకపై పొలంలో ఫొటో తీస్తే ముందు వరికి, చోటు మిగిలితేనే మనిషికి. పట్టుచీరలకు మాత్రం మినహాయింపు కలదు.