కబురు పోయినంత దూరం మా ఊరు

మొన్న జనాభా లెక్కలకని ఒక అమ్మాయి ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. వాకిట్ల నిలబడి రెండుసార్లు వేలితో నొక్కితే, నేను ఎక్కడున్ననో ఆ ఫోనే చెప్పేసింది. చాయ్ తాగి పోయింది. నాకు మాత్రం ఆ దినమంతా మామ యాదికొచ్చిండు.

మామ అంటే మేనమామ కాదు, మా ఊరి సుంకరి. చాటింపు వేసుడు, సర్కారు కాగితాలు పంచుడు, ఎవరన్న పోతే గడప గడపకు కబురు చెప్పుడు ఆయన పని. రాష్ట్రం వచ్చిన కొత్తల్ల ఇంటింటి లెక్కకు నన్ను వేసి, ఆయన్ను తోడు పంపిన్రు. భూగోళంల ఎమ్మే చేసినోన్ని కాబట్టి ఇబ్రహీంపట్నం మండలం నా అరచేతిల ఉన్నదనుకున్న. ఉత్తరం దిక్కు బాణం గీసి, పక్కా ఇంటికి చదరం, గుడిసెకు త్రికోణం పెట్టుకుంట బయలెల్లిన. మామకు దిక్కులతోని పనిలేదు. నీళ్లు పడని బోరు దాటినంక మాట్లాడుకోని అన్నదమ్ముల ఇండ్లు అని దారి చెప్పెటోడు. నా పటంల బోర్లు లేకుండె, అన్నదమ్ముల పగలు అసలే లేకుండె. తప్పిపోయింది ప్రతిసారీ నేనే.

మంచాల మండలం దిక్కు చివర్ల, గుట్ట వెనుక ఒక గుడిసె. గొర్లు కాసుకుంట ఒక్కతే ఆడమనిషి ఉంటది. నా పటం ప్రకారం మండలం గీత ఆమె వాకిట్లకెల్లి పోయింది: పొయ్యి మా దిక్కు, గొర్ల దొడ్డి అవతలి దిక్కు. పొద్దున లెక్కకు వచ్చిన అవతలి మండలం సారు, నువ్వు మా లెక్కల రావని చెప్పి పోయిండట. నేను కాగితం రెండు దిక్కుల తిప్పి చూసి, అదే మాట ఇంకొంచెం మర్యాదగ చెప్పిన. లెక్కల లేనోల్లకు రేషన్ కార్డు రాదని ఊరంతా చెప్పుకునే రోజులు. ఆమె కొంగుల మూట కట్టిన కాగితాలు మెల్లగ మళ్ల ముడేసింది.

"పోయినేడు గొర్లను రాసుకపోయిన్రు సారు. నేనే ఎక్కడ పడ్తలేను."

మామ బీడీ ఆర్పిండు. "ఈమె పెనిమిటి పోయిన్నాడు మనూరికి కబురు మోసింది నేను. మనూర్ల ఎవరు పోయినా ఈ గడపకొచ్చి చెప్పేది నేను. అవతలోల్లు ఎన్నడన్న చెప్పిన్రా అమ్మా?"

లేదన్నది.

"గట్లయితే మనామె. రాయి."

ఈ పద్ధతి మాకు క్లాసుల చెప్పలేదు. రాసిన. త్రికోణం పెట్టి, గీతను దొడ్డి అవతలికి జరిపిన. ఇప్పటిదాక ఎవరూ పట్టుకోలేదు. కార్డు వచ్చింది.

ఆ గుట్ట ఇప్పుడు సగం ప్లాట్లయింది. రెండేండ్ల కింద వానకాలం ఒక పొద్దుగాల, పిక్కల దాక బురదతోని ఆమె మా వాకిట్ల నిలబడ్డది.

"సుంకరన్న పోయిండు సారు. మనోల్లందరికి చెప్పొస్తున్న. ఇంక నాలుగిండ్లున్నయి."

అప్పటికే ఫోన్ల ఊరి గ్రూపుల మామ పోయిండని ఫొటో వచ్చింది. నేను తెల్వనట్టే విన్న. ఆమె మంచినీళ్లన్న తాగకుండ పక్కింటికి నడిచింది.

ఇన్నేండ్లల్ల జిల్లాలు మారినయి, గీతలు జరిగినయి. నేను ఆమెను ఒక్కసారి రాసుకున్న. ఆమె మమ్మల్ని ఇన్నేండ్లు రాసుకునే ఉన్నది.