కారు తలుపు మీద గీత

మా పెద్దబ్బాయి కొత్త కారు తలుపు మీద సన్నని గీత పడింది. గీసిన వాళ్లకు వారం రోజులు చాయ్ బంద్ అని నిన్ననే ఇంట్లో అందరికీ చెప్పాను. నా అనుమానం డ్రైవర్ రాజేశం మీదే.

ఈ రోజు పెయింటర్ ఖాజామియా వచ్చి తలుపు మీద నీళ్లు చల్లాడు. తడి ఉన్నంతసేపు గీత కనిపించలేదు.

"ఫికర్ లేదమ్మా. పైనున్న క్లియర్ పొరకే తాకింది, కింద రంగు మంచిగనే ఉన్నది" అంటూ సన్నని గరుకు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, పాలిష్ పట్టాడు.

"ఎవరు గీసిండ్రో చెప్పగలవా?" అని అడిగాను.

"నడుమెత్తుల తాకిందమ్మా. మీ బొడ్ల ఉన్న తాళాలగుత్తిని జర అడుగుండ్రి."

రాజేశం అటు తిరిగి నవ్వుకున్నాడు.

సాయంత్రం కోడలు నాకు తెచ్చిన చాయ్ రాజేశానికి ఇప్పించాను. నా శిక్ష ఇంకా ఆరు రోజులుంది. తలనొప్పికి చాయ్ కాకుండా వేరే మందేదైనా ఉంటే చెప్పండి.