ఒంటరివాళ్ల మీద పెద్దమ్మ అనుమానం

ఆఫీసులో ఆమెను అందరూ జనాభా అని పిలుస్తారు. ఎగతాళికే అనుకోండి, కానీ అందులో అబద్ధం లేదు. అది నేర పరిశోధన వీడియో గేములు తయారుచేసే కంపెనీ. గేములో ఒక నగరం ఉంటుంది, అందులో ఎవరో హత్య చేసి జనంలో కలిసిపోతారు. ఆడేవాళ్లు నగర కార్యాలయంలో నివాసుల రికార్డులు వెతికి హంతకుణ్ణి పట్టుకోవాలి. ఆ నివాసులందరినీ పుట్టించేది ఈ అమ్మాయి. ఎత్తు, జుట్టు రంగు, చెప్పుల సైజు, వృత్తి, అలవాట్లు, ఇంట్లో ఉండేవారు ఎందరు, అన్నీ తనే రాయాలి. పొద్దున కుర్చీలో కూర్చుందంటే సాయంత్రానికి ఒక వీధి వీధంతా కాపురాలు పెట్టించేస్తుంది.

ఎంతమందినని కల్పిస్తుంది పాపం! ఊహ అడుగంటాక ఆ పనిలో ఉన్నవాళ్లంతా చేసే దొంగపనే ఆమె కూడా చేసింది, తెలిసినవాళ్లను ఎత్తుకొచ్చి రాసెయ్యడం. బస్సు డ్రైవరు తుమ్ములు ఒకడికి, మేనేజరు బట్టతల ఇంకొకడికి. ఒకరోజు ఏమీ తోచక పెద్దమ్మను ఉన్నదున్నట్టు దింపేసింది.

తల్లి పోయినప్పటినుంచీ ఆమెను పెంచింది ఆ పెద్దమ్మే. దర్జీ పని. ముందుగదిలో కుట్టుమిషను, గోడకి చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ప్యాంట్లు, కోట్లు. నోరు తెరిస్తే కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. ఆవిడ పెంపకంలో పెరిగిన పిల్లకి మాత్రం నోట్లో నాలుక లేదు. ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆఫీసుకి దగ్గర్లో ఒక గది చూసుకుంది, నెలాఖరుకి అక్కడికి మారిపోవాలి. ఆ ఒక్క ముక్క పెద్దమ్మకి చెప్పాలి. పొద్దున చెప్దామంటే టీ చల్లారుతుంది, సాయంత్రం చెప్దామంటే ఎవరో ప్యాంటు పట్టుకొస్తారు. ఊరందరికీ కాపురాలు పెట్టించే మనిషికి తన కాపురం సంగతి నోటికి రాలేదు.

ఇంతలో కంపెనీవాళ్లు, గేము బజార్లోకి వెళ్లకముందే ఇంట్లోవాళ్లతో ఆడించి ఎక్కడ తికమక పడుతున్నారో చూడమన్నారు. జనాభాకి ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆడిస్తే, గెలిచిన హుషారులో ఉండగా మెల్లగా చెవిన వెయ్యొచ్చు. అనుకోవడానికి బాగానే ఉంది. ఆ గేము నగరంలో తను ఎవరెవరిని దింపిందో మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు మహాతల్లికి!

సెలవురోజు మధ్యాహ్నం కుట్టుమిషను మీద లాప్‌టాప్ పెట్టారు. శవం పక్కన చెప్పు ముద్ర ఉంది. సాక్షి ఒకడు పొడుగాటి మనిషిని చూశానన్నాడు. పెద్దమ్మ రెండూ పట్టించుకోలేదు.

"రికార్డుల్లో ఒంటరిగా ఉండేవాళ్లను తియ్యవే."

"ముందు చెప్పుల సైజు చూడు పెద్దమ్మా."

"చెప్పులు ఎరువు తెచ్చుకోవచ్చే! నలుగురున్న ఇంట్లో ఉప్పు డబ్బా జరిపినా ఎవరు జరిపారని గొడవ. కత్తి జరిపితే అడగరూ? ఒంటరివాణ్ణి అడిగే దిక్కెవరు? వాళ్లకే ఇలాంటి బుద్ధులు పుడతాయి."

ఈ సిద్ధాంతంతో ఒక పోస్టుమాన్‌ను పట్టించింది. అతను చేతులు జోడించినా వినలేదు. తప్పు మనిషని గేము చెప్పింది. "వీడు ఇంకేదో చేసే ఉంటాడు" అని గడియారాలు బాగుచేసే ముసలాయన మీదకి వెళ్లింది. అదీ తప్పే. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, గేములోని పోలీసులు ఎవర్ని చూపిస్తే వాళ్లని పట్టుకుపోతున్నారు. జనాభా కడుపుబ్బ నవ్వింది. ఇదే మంచి సమయమనుకుని గొంతు సవరించుకుంది కూడా.

"పెద్దమ్మా, నీకో సంగతి..."

"ఉండవే, ఇంకొకతి దొరికింది" అంటూ పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని తెరమీది రికార్డు పైకే చదివింది. "దర్జీ. మూడో అంతస్తు. ఎడమ పాదం కుడి పాదం కన్నా కాస్త పెద్దది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది."

పెద్దమ్మ నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టి, మళ్లీ చదివింది.

"రేడియో మోగుతుండగానే నిద్రపోతుంది. కట్టేస్తే లేచి తిడుతుంది. ఇంట్లో ఉండేవారు, ఒకరు."

"అది నువ్వు కాదు పెద్దమ్మా! ఏదో తోచక..." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది.

"నేనని నేనన్నానా?" అంది పెద్దమ్మ. "ఒక్కతే ఉన్న ఇంట్లో రేడియో ఎవరు కట్టేశారే?"

రోజూ కట్టేసేది జనాభాయే. తను వెళ్లిపోయాక పెద్దమ్మ ఎలా ఉంటుందా అని లోలోపల కుములుతూ, ఆ బెంగంతా తెలియకుండానే ఒక అంకెలో రాసేసింది. రేడియో సంగతి మాత్రం అలవాటుగా పడిపోయింది. అన్ని ఆధారాలూ తోసిపుచ్చిన పెద్దమ్మ, ఈ ఒక్కదాన్నే పట్టుకుంది!

"ఎప్పుడెళ్తున్నావు?"

"నెలాఖరుకి" అంది జనాభా. చెప్పలేక చచ్చిన మాట ఇంత చిన్నదా అనిపించి ఏడుపొచ్చింది.

పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేరుగా ఆ దర్జీ మీద నొక్కి పోలీసులకి అప్పగించేసింది. తప్పు మనిషని గేము మళ్లీ చెప్పింది. ఉన్న మూడు అవకాశాలూ అయిపోయాయి కాబట్టి అసలు హంతకుణ్ణి కూడా చూపించింది. పెళ్లాం, ఇద్దరు పిల్లలు, అత్తగారితో కలిసుంటున్న పొడుగాటి బేకరీవాడు.

"చూశావా, ఇంటినిండా మనుషులే! ఒంటరివాళ్లు కాదన్నమాట" అంది పెద్దమ్మ. "ఆ గదికి కిటికీలున్నాయా? కొలతలు పట్రా, తెరలు కుడతాను. కాదులే, నేనే వచ్చి తీసుకుంటాను. నువ్వు రాసే అంకెలు నమ్మేలా లేవు."

"ఆ అంకె రేపే మార్చేస్తాను పెద్దమ్మా. ఇద్దరని రాస్తాను."

"అంకె సరిగ్గానే ఉందే. రేడియో ముక్క కొట్టెయ్యి" అని పెద్దమ్మ మళ్లీ సూదులు నోట్లో పెట్టుకుని మిషను ముందుకి జరిగింది.

నెలాఖరుకి జనాభా మారిపోయింది. కిటికీలకి తెరలు కుదిరినట్టు ఆ గదిలో ఇంకేదీ కుదరలేదు. గేము బజార్లోకి వచ్చాక ఎవరో ఆటగాడు కంపెనీకి రాశాడు. దర్జీ ఒంటరిగా ఉంటుందన్నారు కదా, ఆమె రేడియో కట్టేసేదెవరు, వెతికి వెతికి విసిగిపోయాను, దయచేసి చెప్పండి అని. మేనేజరు బట్టతల నిమురుకుంటూ జనాభా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది ఆధారమా, పొరపాటా?"

"పొరపాటేనండీ, ఇవాళే సరిచేస్తాను" అంది జనాభా. రికార్డు తెరిచి చాలాసేపు కూర్చుంది. సరిచెయ్యలేదు.