తీగ మీద తడిచీర

గోడకు మొహం పెట్టి ఇంట్లో కూర్చొని, మిద్దె మీద ఎవరు ఏ గుడ్డ ఆరేసినారో చెప్పగల మనిషి పలమనేరు మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు మునిరామయ్య. చెప్పి ఊరుకుంటే పీడా పోయేది. చెప్పి, బయటికొచ్చి, వీధంతా వినేటట్టు అరిచేవాడు.

“ఎవురమ్మా నా తీగ మీద తడిచీర ఏసింది?”

పాల వ్యానైనా ఒకరోజు ఆలస్యంగా వస్తుందేమో గానీ, పొద్దున ఆరు గంటలకు ఈ కేక తప్పేది కాదు. ఎవరేసినారో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని వేసినామెకూ తెలుసు. పక్కింటి చంద్రకాంతమ్మ మిద్దె మీది నుంచి అంతకు రెండింతలు గట్టిగా జవాబిచ్చేది.

“నేనేప్పా! నా మిద్దె మీదికొచ్చిన తీగ మీద నేను గాక కలెక్టరమ్మ వచ్చి ఏస్తాదా?”

“నూలు చీర గదా? పిండింది సాల్లేదు.”

“నూలుదే. సాల్లేదని నాకూ తెలుసు. పోయి కాఫీ తాగుపో!”

ఆయన పోయి కాఫీ తాగేవాడు. ఈమె మిగతా గుడ్డలు ఆరేసుకునేది. వీధికి అప్పుడు తెల్లారినట్టు.

మునిరామయ్యకు చిత్తూరు రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటారు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే తెస్తారు. పగలంతా షాపులో రాగితీగ చుట్టి, ఇంటికొచ్చి మళ్లీ రాగితీగే చుడతాడు. షాపులో చుట్టేది పొట్టకు, ఇంట్లో చుట్టేది రేడియోకు. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి దానికి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. లైసెన్సున్నవాళ్లు అంగడిలో కొనుక్కోవచ్చు. ఈయన కొనడు. “కొన్నదాంట్లో మాట్లాడితే అది కంపెనీవాని గొంతక్కా, నాది కాదు” అంటాడు.

ఆ గొంతు గాలిలోకి పోవాలంటే పొడుగాటి తీగ కావాలి. తన మిద్దె చాలక, తీగ కొస తెచ్చి చంద్రకాంతమ్మ మిద్దె మీది ఇనుపకడ్డీకి కట్టినాడు. పలమనేరు మంచుకు గుడ్డలు ఆరేది కష్టం. పొద్దున మొట్టమొదటి ఎండ పడేది సరిగ్గా ఆ తీగ మీదే. ఇంకేముంది! తీగ మీద తడిగుడ్డ పడితే ఆయన బల్ల మీదున్న మీటరులో ముల్లు దిగుతుంది. చూసి చూసి, జాకెట్టుకు ఎంత దిగుతుంది, చీరకు ఎంత, దుప్పటికి ఎంత అని ఆయనకు కంఠతా వచ్చేసింది.

మధ్యలో ఒకసారి తన మిద్దె మీద ఇనుపపైపు నిలబెట్టి, దాని కొసన ఇంకో తీగ కట్టినాడు. చంద్రకాంతమ్మ వదుల్తుందా?

“అదేంది?”

“తీగ.”

“మరి ఇదేంది?”

“ఇదీ తీగే. ఒకటి వినేదానికి, ఒకటి మాట్లాడేదానికి.”

ఈ సంగతి మధ్యాహ్నంలోపల వీధి ఆ కొస దాకా పాకింది. చంద్రకాంతమ్మ చదివింది ఐదో తరగతే గానీ, ఒకసారి అడిగి తెలుసుకున్నది మర్చిపోదు, ఒక్కతే దాచుకోదు. ఏ ఇంటి కుక్కరు ఎన్ని కూతలు కూస్తుందో, ఎవరింటికి వచ్చిన చుట్టాలు ఏ బస్సెక్కి పోయినారో ఆమెకు తెలియాల్సిందే. కూతురు రూపశ్రీ బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. “నా దగ్గరికొచ్చేయమ్మా” అని పిలిస్తే, “ఆడ నాకెవురు తెలుసునని వచ్చేది? ఊరికే గోడలు సూస్తా కూర్చోవాల్నా?” అనింది.

అందరినీ అడిగే ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగకూడదు. రెండేండ్ల కిందట మిద్దె మెట్ల మీద జారిపడి, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా కదల్లేక ఆడనే పడుంది. పూలమ్మే దేవకమ్మ వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. మణికట్టు విరిగితే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించినారు. కట్టు విప్పినాక కూడా కనబడినోళ్లంతా “బాగుండావా అమ్మా?” అని అడగడం మొదలుపెట్టినారు. ఆమెకు ఒళ్లు మండింది.

“ఇంకా పోలేదులే. పోయేటప్పుడు చెప్పి పంపిస్తా” అని ఒక్కొక్కరి నోరూ మూయించింది. రూపశ్రీ రోజూ పొద్దున ఫోను చేసి “లేచినావామ్మా?” అంటే, “లేవకుండానే ఫోనెత్తినానా?” అని పెట్టేసింది. మునిరామయ్య కూడా ఒకసారి అడిగి తినాల్సిన తిట్లు తిన్నాడు. మళ్లీ అడగలేదు. తడిచీర గొడవ మొదలైంది ఆ తర్వాతే.

అన్ని తిట్లు తిట్టుకున్నా, సాయంత్రమైతే ఆమె పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఆయన పని చూసేది. పాత బిస్కెట్ డబ్బాలో రేడియో కడుతున్నాడు. పది నెలలైంది. వినబడేది బ్రహ్మాండంగా వినబడుతుంది. మాట్లాడబోతే మాత్రం కుక్క ఏడ్చినట్టు ఊళపెడుతుంది.

“ఈ పొద్దు ఏం మార్చినావు?”

“ట్రాన్సిస్టరు.”

“నిన్న?”

“నిన్నా అదే. కాలిపోయింది.”

“మొన్న?”

“అక్కా, మొన్నటిది అడగొద్దు.”

ఆమె డబ్బాలోకి వంగి చూసింది. “ఈ తీగ ఏంది?”

“గొంతు లోపలికి పోయేది.”

“దాని పక్కన ఆనుకోని ఉండేది?”

“అదే గొంతు పెద్దదై బయటికొచ్చేది.”

“పోయేదాన్నీ వచ్చేదాన్నీ ఒకే వంటింట్లో పెట్టినావు, కొట్లాడుకోక ఏం చేస్తాయప్పా? నేనూ మా తోడికోడలూ పద్నాలుగేండ్లు ఇట్లనే ఊళపెట్టినాము. మధ్యన గోడ లేసినాకే మా ఇంట్లో నిశ్శబ్దం.”

మునిరామయ్య ఆమెను చూసినాడు. డబ్బాను చూసినాడు. నూనె టిన్ను రేకు కత్తిరించి రెండింటి నడుమ నిలబెట్టి అతికించినాడు. మైకు నొక్కినాడు. ఊళ లేదు!

ఆ రోజు నుంచి రేడియో సగం తనదే అన్నట్టు తిరిగింది చంద్రకాంతమ్మ. అయితే ఊళ పోయి బాతు వచ్చింది. ఆయన రేడియోలో మాట్లాడినప్పుడల్లా ఈమె టీవీ సీరియల్లో అత్త నోరు తెరిస్తే “క్వాక్ క్వాక్” అనేది. మూడు రోజులు అత్త కోడల్ని బాతు భాషలో తిట్టింది. నాలుగో రోజు మునిరామయ్య వచ్చి, టీవీ వైరుకు గాజుల మాదిరి నల్లటి గుండ్రాలు ఆరు తొడిగిపోయినాడు. బాతు పోయింది.

“టీవీకి సీమంతం చేసిపోయినాడు మునిరామయ్య. ఎన్నో నెలో చెప్పలేదు” అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఇంతలో లక్షదీవుల సంగతి వచ్చింది. మునిరామయ్యతో కలిసి చిత్తూరులో చదువుకున్న గిరిప్రసాద్ కూడా రేడియో మనిషే. ఆయన స్నేహితులతో కలిసి మనుషులుండని ఒక చిన్న దీవికి రేడియో ఎత్తుకొని పోతున్నాడు. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఆరున్నర వరకే పలమనేరు కోసం చెవి పెడతాడు. తర్వాత పడవెక్కేస్తారు. బిస్కెట్ డబ్బా గొంతు సముద్రం దాటుతుందా లేదా అనేది ఆ అరగంటలో తేలిపోవాలి. నెల రోజులు మునిరామయ్య నోట ఇంకో మాట లేదు. బోరు మోటారు తెచ్చిన రైతులకు కూడా దీవి గురించే చెప్పినాడు.

శనివారం సాయంత్రం చంద్రకాంతమ్మ తలుపు దగ్గరే కూర్చుంది. “అక్కా, రేపు ఒక్క పూట నా తీగ మీద చీర ఏయొద్దు” అని అడగడానికి వస్తాడు, వచ్చినాక కొంచెంసేపు బతిమాలించుకొని ఒప్పుకుందామని ఆమె ఎత్తు. ఏడైంది, ఎనిమిదైంది, ఆయన రాలేదు.

“ఎంత పొగరు! అడిగితే నోరు అరిగిపోతాదా?” అని తలుపేసుకుంది. వేసుకొని, గ్లాసుడు మజ్జిగ తాగినాక, అడక్కపోయినా వేయకూడదని తనే అనుకుంది.

ఆదివారం ఆమె అయిదుకే లేచింది. స్నానం చేసి, చీర పిండి, బకెట్లోనే పెట్టింది. ఫోను చార్జర్లూ, ఎల్‌ఈడీ బల్బులూ రేడియోలో గీ అని గోల చేస్తాయని ఆయన ఎప్పుడో అనింది గుర్తొచ్చి, ఇంటి మెయిన్ స్విచ్చే ఆపేసింది. ఫోను కూడా ఆపేసింది. కిటికీ మూసింది. వంటింట్లో పీట మీద కూర్చొని, గ్లాసు కూడా చప్పుడు కాకుండా కాఫీ తాగింది.

ఆరూ పావు దాటినాక గోడవతల నుంచి కేక వినబడింది. “అక్కా! అక్కా!”

‘దీవిలో కూడా ఎవురో అక్క ఉన్నట్టుంది’ అనుకుంది చంద్రకాంతమ్మ. తన గొంతు ఎక్కడ రేడియోలో పడుతుందోనని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు దబదబా కొట్టినారు. ‘ఎవురో పనిలేనోళ్లు. ఈ టయానికా వచ్చేది!’ ఆమె కదల్లేదు. కాసేపటికి మిద్దె మీద ధన్ మని ఎవరో దూకిన చప్పుడు. మెట్ల తలుపు గడియ ఊడి, నడవలో పడి ఖణేలుమని దొర్లింది. వెనకాలే మునిరామయ్య. రేడియో వినే చెవుల డిప్పలు మెడలో ఉన్నాయి. వాటి వైరు తెగి తోకలాగా వెనక ఈడ్చుకొస్తుంది. ముందు మెట్ల కిందికి చూసినాడు, తర్వాత స్నానాల గదిలోకి తొంగిచూసినాడు, చివరికి వంటింటి గడపలో నిలబడినాడు.

“అక్కా! ఉండావా?”

“ఉండక యాడికి పోతాను? నువ్వేంది ఈడ? దీవి యాడ?”

“చీర యాడ?”

“బకెట్లో.”

“బకెట్లో ఎందుకుండాది?”

“నీకోసమేరా! ముల్లు దిగితే దీవి దొరకదని!”

మునిరామయ్య గోడకానుకొని కింద కూర్చుండిపోయినాడు. ఈలోపల ఆయన భార్య నాగవేణి రొప్పుతా మెట్లు దిగొచ్చింది. పీట మీద కాఫీ గ్లాసుతో కూర్చున్న మనిషిని చూసి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చినాయి.

“చంపినావు గద వదినా! ఆ గిరిప్రసాద్ పలికినాడు. ఈయన పేరు సగం పిలిచినాడు గూడా. అంతలో ఈయన ముల్లు పక్కకి సూసి, ఆరూ పావైంది, ఇంకా దిగలేదు అని మైకు పారేసి పరిగెత్తినాడు. నీ ఫోను పలకదు, దీపం లేదు, తలుపు తీయవు!”

“ముల్లు దిగకపోతే మంచిదే గదా? రేడియోకు చెడుపు అనే గదా దినామూ అరిచేది?”

“ఆ తీగకూ రేడియోకూ సంబంధం లేదు వదినా. వినేదీ మాట్లాడేదీ అంతా పైపు మీది తీగే. ఈ తీగ కొసన నువ్వు చీర ఏసింది సూపించే ముల్లు ఒక్కటే ఉండాది. పొద్దున్నే దాని ముందర కూర్చుంటాడు. అది దిగితే లేచొచ్చి కేకేస్తాడు. నువ్వు తిడితే, గొంతు బాగుండాది, మెట్లు ఎక్కింది, చెయ్యి ఆడతాండాది అంటాడు. నీ తిట్టు చెవిన పడినాకే కాఫీ ముట్టేది.”

“నాగవేణీ, నువ్వు ఊరుకో” అన్నాడు మునిరామయ్య నేల చూస్తా.

చంద్రకాంతమ్మ ఆయన్ని చూసింది. “అడగొచ్చు గదప్పా, బాగుండావా అని?”

“ఒకసారి అడిగినాను గదక్కా.”

ఆమెకు తను ఏమనిందో గుర్తుంది. లేచి, ఆయన రెక్క పట్టుకొని లేపి, “పా, ఇంకా టయిముంటాది, ఆ డబ్బా పట్టు” అని పక్కింటికి ఈడ్చుకుపోయింది. అప్పటికి ఆరూ ముప్పై ఆరు. తెగిన వైరు అతికించుకొని విన్నారు. సముద్రం హోరు మాదిరి ఒకటే చప్పుడు. అందులో మనిషి గొంతు లేదు. “వాళ్లు పడవెక్కేసినారులే” అని మునిరామయ్య మామూలుగానే అన్నాడు. అని, స్క్రూడ్రైవరు తీసుకొని ఆమె మెట్ల తలుపు గడియ బిగించడానికి పోయినాడు. ఆ రోజంతా చంద్రకాంతమ్మ వీధిలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమెకు ఒంట్లో బాగలేదేమోనని వీధంతా గుసగుసలాడింది, అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

సోమవారం పొద్దున ఆరుకు ఆమె తీగ మీద చీర ఆరేసి నిలబడింది. కేక లేదు. గుట్టు బయటపడినాక ఇంకా అరవాలా వద్దా అని లోపల మునిరామయ్య తేల్చుకోలేక కూర్చున్నాడు. ఆమె కొంచెంసేపు చూసి, పిట్టగోడ మీదికి వంగింది.

“ఏమప్పా, మీటరు చెడిపోయిందా, నోరు చెడిపోయిందా? కేకెయ్యి!”

“ఎవురమ్మా నా తీగ మీద తడిచీర ఏసింది?”

“ఆ! అట్ల రా దారికి.”

వారం తిరక్కుండా ఆమె ఒక ఖాళీ ఇంగువ డబ్బా తీసుకొని ఆయన బల్ల దగ్గరికి పోయింది.

“దీంట్లో నాకొక ముల్లు పెట్టు.”

“నీకెందుకక్కా ముల్లు?”

“నీకు చక్కెర జబ్బుండాది. నాగవేణి పుట్టింటికి పోతే పది రోజులు రాదు. నువ్వు లేచినావో లేదో నాకెవురు చెప్పాల? అడిగితే ‘నేనేం చంటిబిడ్డనా’ అంటావు. పెట్టు, పెట్టు. ఎన్ని చుట్లు చుట్టాల?”

ఇప్పుడు ఆ రెండిండ్ల నడుమ ఇంకో తీగ ఉంది. ఇంగువ డబ్బా చంద్రకాంతమ్మ పొయ్యి పక్కన ఉంటుంది. నాగవేణి ఊర్లో ఉన్నా లేకపోయినా, పొద్దున ఆరుకు మొదట మామూలు కేక, దానికి మామూలు తిట్టు. తర్వాత మునిరామయ్య స్నానం చేసి ఈ కొత్త తీగ మీద తుండుగుడ్డ ఆరేసుకుంటాడు. ఆరూ పది కాకముందే చంద్రకాంతమ్మ వంటింటి కిటికీ తెరుచుకుంటుంది.

“ఎవురప్పా నా తీగ మీద తడి తుండుగుడ్డ ఏసింది? పిండింది సాల్లేదు!”

“నేనేక్కా! పోయి కాఫీ తాగుపో!”